గడ్డపార సులువుగా దిగిన చోట

ఈ పర్ర మీద నలభై ఏళ్లు ట్రాక్టరు తోలాను. నా చక్రం ఒక్కసారి కూడా దారి తప్పలేదు, నా బండి ఇనుము ఒక్క రాటకు కూడా తగల్లేదు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి కాబట్టి లెక్క కూడా చెప్పగలను. పోనూ రానూ తొమ్మిది వేల సార్లు. నమ్మకపోతే మా అమ్మాయిని అడగండి. వాళ్ల నాన్న గొప్ప చెప్పీ చెప్పీ దాని నోరు అరిగిపోయింది.

పర్ర ఎరగనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. అది ఎండిపోయిన ఉప్పు సరస్సు. ఎండాకాలంలో పైన తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కింద కొన్నిచోట్ల రాయిలాంటి గట్టినేల, కొన్నిచోట్ల తారులాంటి నల్లటి ఊబి. పైనుంచి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఏ పిల్ల బుద్ధిమంతురాలో, ఏ పిల్ల కరుస్తుందో కాలు పెడితే గాని తెలియదు. అందుకే మా ముత్తాతలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దారి గుర్తుగా పద్దెనిమిది రాటలు పాతారు. రాటలున్నా సరే, ఏ బండి వెళ్లినా ముందు ఒక మనిషి కర్రతో నేలను కొడుతూ నడవాల్సిందే, బండి ఆ అడుగుల వెంట పోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా అలా ముందు నడిచే మనిషి మా అక్క.

ఆరో రాటకూ ఎనిమిదో రాటకూ మధ్యనున్న ఊబికి మావాళ్లు ‘అత్తగారి ఒడి’ అని పేరు పెట్టారు. అందులో కూర్చోవడమే గాని లేవడం ఉండదు.

మా అల్లుడిది తేనెటీగల పని. పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు మోసుకుపోతాడు. ఈ ఏడు కొత్త పికప్ కొన్నాడు. బండి దిగి గుమ్మం ఎక్కకముందే దాని గుణగణాలు మొదలుపెట్టాడు.

“మామయ్యా, ఇది మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ముందు అయిదుగురం కూర్చోవచ్చు. వెనక తొట్టిలో టన్ను బరువు వెయ్యొచ్చు. కొక్కెం తగిలిస్తే మూడున్నర టన్నులు లాగుతుంది.”

“పొద్దున్నే నన్ను మంచంలోంచి లాగుతుందా?”

“నాలుగు చక్రాలూ కలిసి లాగితే ఎందుకు లాగదు? ఎనభై సెంటీమీటర్ల లోతు నీళ్లలో దిగినా ఇంజనుకు తడి తగలదు. ఒక చక్రం గాలిలో ఉన్నా రెండోది ఆగకుండా తాళం వేసినట్టు రెండూ కలిసే తిరుగుతాయి. ముందు వించి ఉంది చూడండి, ఆ ఇనపతాడు నాలుగు టన్నుల్ని ఈడుస్తుంది. ఇక ఈ గుండ్రం బొత్తాం. ఇసుక, బురద, రాళ్లు. తిప్పితే చాలు, ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో బండే చూసుకుంటుంది.”

నేను కళ్లజోడు సవరించుకుని ఆ బొత్తాం చుట్టూ చదివాను. “బురద అని రాసి ఉంది గాని ఊబి అని లేదే అబ్బాయ్?”

“రెండూ ఒకటే మామయ్యా.”

ఒకటి కావు. కానీ కొత్త బండి కొన్నవాడికి ఆ రోజున ఏం చెప్పినా చెవికెక్కదు.

ఆ వారంలోనే అవతలి ఒడ్డున పొద్దుతిరుగుడు పూసింది. ఒక సాయంత్రం ఈగలన్నీ గూళ్లకు చేరాక అల్లుడు ముప్పై ఆరు పెట్టెల తలుపులు మూసేశాడు. తలుపు మూసిన పెట్టెను మర్నాడు ఎండ ముదిరేలోగా తెరవాలి. లేకపోతే లోపలి ఈగలు ఉడికిపోతాయి. చుట్టూ తిరిగిపోయే రోడ్డు అరపూట ప్రయాణం. పర్ర మీదైతే గంట.

తెల్లారగానే పెట్టెలు ఎక్కించి తాళ్లు బిగించారు. అక్క మోకాలు వాచి గుమ్మడికాయలా ఉంది. అయినా కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

“మీరెందుకు పెద్దమ్మా శ్రమ?” అన్నాడు అల్లుడు. “ఈ బండికి ముందు కన్ను, వెనక కన్ను, కడుపు కింద కూడా కన్ను. కింద నేలంతా ఈ తెర మీద కనబడుతుంది.”

“కళ్లుంటే సరా నాయనా? పర్ర కనబడేది కాదు, వినబడేది. దీనికి చెవులున్నాయా?”

“ఎందుకు లేవు? మనం మాట్లాడితే తిరిగి మాట్లాడుతుంది కూడా.”

“మాట్లాడేవాళ్లకు వినడం రాదు. మీ మామను చూడటంలేదూ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తేలు కుట్టిన దొంగలాగా.

ఎందుకంటే, మొదట్లో నేను చెప్పుకున్న గొప్పకు ఇక్కడ ఒక చిన్న సవరణ ఉంది. నా ఇనుము ఒక్క రాటకు కూడా తగల్లేదన్నాను కదా, ఒక్కదానికి తగిలింది. ఏడోదానికి. పదకొండేళ్ల కింద అక్క ఊళ్లో లేని రోజున, ఖాళీ ట్రాక్టరుతో ఒంటరిగా తిరిగొస్తూ హాయిగా నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి రాట రెండు ముక్కలై ముందు చక్రం కింద ఉంది. చుట్టూ పురుగు కూడా లేదు. ఇంటికెళ్లి ఒప్పుకుంటే పరువేం కాను? వెనక తొట్టిలో ఒక దుంగ ఉంటే తీసి, దాన్నే రాటగా పాతేద్దామనుకున్నాను. పాత గుంత చుట్టూ నేల రాయి. గడ్డపార వేస్తే ఎగిరి నా మీదికే వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. పక్కకు జరిగాను. ఇంకా పక్కకు జరిగాను. డెబ్బై అడుగుల దూరంలో ఒకచోట గడ్డపార వెన్నలో దిగినట్టు దిగింది. అబ్బ, ఎంత మంచి నేల అనుకుని దుంగ అక్కడ పాతి, దుమ్ము దులుపుకుని వచ్చేశాను.

నేల ఎందుకంత మెత్తగా ఉందో అప్పుడు ఆలోచించలేదు. ఆ రాత్రి మంచమెక్కాక ఆలోచించాను. మా ముత్తాతలు ఒడికి ఎడంగా, గట్టినేల మీద పాతిన ఏడో రాటను నేను తీసుకెళ్లి సరిగ్గా అత్తగారి ఒడిలో కూర్చోబెట్టాను.

రేపు సరిచేద్దాం అనుకున్నాను. రేపు అనేది పదకొండేళ్లయింది. ఏ ప్రమాదమూ జరగలేదు. అక్క రాటల వంక చూడదు, నేల వంక చూస్తుంది. ఆరో రాట దాటగానే కర్ర చప్పుడును బట్టి ఎడమకు తిరిగిపోతుంది. బండ్లన్నీ ఆమె అడుగులు చూస్తాయి గాని రాటలెవరు చూస్తారు? అక్కను ఒడ్డునే వదిలేసి, ఆ అబద్ధపు రాటను మొదటిసారి నమ్మబోయేది మా అల్లుడే. వెనక సీట్లో నా కూతుర్ని కూర్చోబెట్టుకుని మరీ.

“నేనూ వస్తా,” అన్నాను. ఆరో రాట దగ్గర ఎలాగో మాట మళ్లించి, బండి కూడా మళ్లిస్తే సరిపోతుందని నా ఎత్తు. నోట్లో నాలుకున్నవాడికి భయమేమిటి?

మొదటి రాట దాటాం. రెండోది దాటాం. బండి నిజంగానే దొర బండి. కుదుపు లేదు. తెర మీద ఒక చిన్న బండి బొమ్మ, అది ఎంత ఒరిగిందో చూపించే అంకెలు. పక్కనే నాలుగు చక్రాల్లో గాలి ఎంతుందో లెక్క. అల్లుడు ముందే గాలి కొంచెం తీశాడట, చక్రం వెడల్పుగా పరుచుకుంటుందని.

“చూశారా మామయ్యా, రాటకూ రాటకూ మధ్య ముక్కుసూటిగా పోతున్నాం. నడిచే మనిషితో అయితే ఈపాటికి ఇంకా ఒడ్డునే ఉండేవాళ్లం.”

“ముక్కుసూటిగా పోయినవాళ్ల కథ ఒకటుంది,” అన్నాను. మూడో రాట వచ్చింది. “నా చిన్నప్పుడు ఒక లారీ ఇలాగే సూటిగా పోయి అత్తగారి ఒడిలో దిగింది. మూడు రోజులు హారన్ మోగుతూనే ఉంది. ఇప్పటికీ ఎండాకాలంలో నేలకు చెవి ఆనిస్తే…”

“నాన్నా,” అంది అమ్మాయి వెనకనుంచి. “పోయినసారి అది ఎద్దులబండి. గంటలు మోగాయన్నావు.”

“రెండూ మునిగాయే.”

“పోయినేడు చెప్పిన మొసలి కూడా మునిగిందా మామయ్యా?”

భార్యాభర్తలిద్దరూ ఒకటే నవ్వు. నలభై ఏళ్లు నేను కూడబెట్టుకున్న కోతలన్నీ ఆ నవ్వులో ఉన్నాయి. నాలుగో రాట కూడా దాటాం.

అయిదో రాట దగ్గర పర్ర రంగు మారింది. అంతదాకా సున్నం కొట్టిన గోడలా ఉన్నది అక్కడ్నుంచి పాత పళ్లలా పసుపెక్కింది. కుళ్లిన గుడ్ల వాసన సన్నగా లోపలికి వచ్చింది. అమ్మాయి అద్దం పైకెత్తింది. చక్రాల కింద అప్పటిదాకా కరకరమన్న పెచ్చు ఇప్పుడు మెత్తగా, తడిబట్ట మీద నడిచినట్టు శబ్దం చేస్తోంది. దూరాన ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. మేం దగ్గరికి వస్తున్నా ఎగరలేదు. అంత దూరంలో అది కొంగో, నాటిన ఎముకో నాకు తెలియలేదు.

“ఇక్కడ కాస్త పదునుంది,” అన్నాడు అల్లుడు. బొత్తాం బురద వైపు తిప్పాడు. ఇంకేదో మీట నొక్కి లో గేర్‌లో వేశాడు. బండి మనిషి నడిచినంత మెల్లగా పాకసాగింది. ఇంజను గొంతు మారింది. తెర మీద మా కడుపు కింది నేల కనబడుతోంది. తడి తడిగా, సన్నటి బీటలతో, ముసలి చర్మంలా. ఆ బీటలు మేం దాటిన తర్వాత కూడా కొంచెం కొంచెం సాగుతున్నాయి.

వెనక పెట్టెల్లో ముప్పై ఆరు గూళ్ల రొద పొద్దున్నుంచీ ఆగకుండా వినబడుతూనే ఉంది. ఆరో రాట దాటగానే అది ఆగిపోయింది. ఒక్కసారిగా, ఎవరో నోరు మూసినట్టు.

“ఏమండీ, ఈగలేవీ?” అంది అమ్మాయి.

“చలికి ముడుచుకుని ఉంటాయి.”

“ఎండెక్కుతోంది కదండీ.”

 ఎదురుగా ఏడో రాట కనబడుతోంది. నేను పాతిన దుంగే. పదకొండేళ్లలో సగానికి సగం దిగిపోయింది. నడుమెత్తు ఉండాల్సినది మోకాలెత్తుకు వచ్చింది. ఏటేటా కొంచెం కొంచెం మింగుతోందన్నమాట, తొందరేం లేకుండా.

“ఎడమకు పోనియ్యి అబ్బాయ్.”

“ఎందుకు మామయ్యా? రాట ఎదురుగా ఉంటే?”

“ఆ పక్క గాలి బాగుంటుంది.”

“గాలికి ఏసీ ఉందిగా.”

ఇదీ నా ఎత్తు. నలభై ఏళ్లు ఊరందర్నీ మాటల్తో మాయచేసినవాడికి ఆ క్షణంలో ఒక్క పనికొచ్చే అబద్ధం దొరకలేదు. అంకెల వంక చూశాను. నేల బల్లపరుపుగా ఉంది, కానీ తెర మీది బండి బొమ్మ కుడివైపుకు రెండు గీతలు ఒరిగింది. తర్వాత మూడు.

“ఆ రాట అబద్ధం,” అన్నాను. “నేను పాతాను. ట్రాక్టరుతో గుద్ది విరగ్గొట్టి, చెప్పడానికి మొహం చెల్లక వేరేచోట పాతాను. అది ఒడిలో ఉంది. మనం ఒడిలోకి పోతున్నాం.”

 అల్లుడు పకపకా నవ్వాడు.

“ఇది లారీ కథ కంటే బాగుంది మామయ్యా. నిద్రపోయి గుద్దారా, మెలకువతోనా?”

“నిద్రపోయి.”

“మా నాన్నా? రాటను గుద్దాడా?” అంది అమ్మాయి. “నలభై ఏళ్లలో ఒక్క గీత లేదు మా నాన్న బండికి!”

నేను పెంచిన గొప్ప నా ఎదుటే నిలబడి దారికి అడ్డం పడింది. నిజం చెప్పి ఒట్టు పెట్టాను. నా ఒట్టుల విలువ వాళ్లకు తెలుసు. ఎవరి మీద ఒట్టు పెట్టినా వాళ్లు నిక్షేపంగా ఉండటం చూసి చూసి వాళ్లకు అలవాటైపోయింది.

రాట ఇరవై అడుగుల్లో ఉంది.

తలుపు తీసి దూకాను. ఈ వయసులో దూకడమంటే జారిపడటమే అనుకోండి. లేచి, వెనక తొట్టిలో పెట్టెల పక్కన పెట్టిన పార కర్ర లాక్కుని బండి ముందుకు పరిగెత్తాను. అల్లుడు హారన్ కొట్టాడు. నేను తప్పుకోలేదు. అప్పుడు ఆ బండి గొప్ప గుణం ఒకటి బయటపడింది. ఎదుట మనిషిని తన కంటితో తనే చూసి, ఎవరూ తొక్కకుండానే బ్రేకు వేసుకుని గుర్రంలా ఆగిపోయింది. ముందు ఇనుము నా వీపుకు జానెడు దూరంలో ఉంది.

“మామయ్యా, ఏమిటీ పిచ్చి?”

“విను,” అన్నాను. కర్రతో కాళ్ల దగ్గర కొట్టాను. టక్. అడుగు వేసి కొట్టాను. టక్. ఇంకో అడుగు. ఈసారి చప్పుడు రాలేదు. కర్ర పైకి రాలేదు. మరుక్షణం నేనూ లేను.

ఊబిలో పడటం నీళ్లలో పడినట్టుండదు. నీళ్లు తోస్తాయి, ఇది పట్టుకుంటుంది. మోకాళ్ల దాకా ఎప్పుడు దిగానో తెలియదు. నడుము దాకా మాత్రం తెలిసింది, చల్లగా, వేళ్లతో తడిమినట్టు. పెచ్చు పలక విరిగిన చప్పుడు నా నుంచి మొదలై బండి వైపుకు పాకిపోవడం చెవులారా విన్నాను.

అల్లుడు దిగబోయాడు.

“దిగొద్దు! ముందు బండి వెనక్కి తియ్!” అని అరిచాను. జీవితంలో మొదటిసారి నా మాట తక్షణం విన్నాడు. వచ్చిన చక్రాల అచ్చుల్లోనే బండిని పది గజాలు వెనక్కి తీశాడు. వించి తాడు విప్పి, తొట్టిలో ఉన్న ఖాళీ పెట్టెల మూతలు రెండు పెచ్చు మీద పరిచి, వాటి మీద పొట్టతో పాక్కుంటూ వచ్చి కొక్కేన్ని నా వైపు విసిరాడు. మూడోసారికి అందింది. తాడు చంకల కింద చుట్టి కొక్కెం తగిలించుకున్నాను. వించి మీటలున్న చిన్న పెట్టె అమ్మాయి చేతిలో ఉంది.

“నొక్కనా?”

“నొక్కు!”

తాడు బిగిసింది. నేను కదల్లేదు. నాలుగు టన్నుల్ని ఈడ్చేది అరవై కిలోల ముసలాణ్ణి ఈడ్వలేకపోయింది. పైగా బండే ముందుకు జరిగింది. జానెడు. ఇంకో జానెడు. ముందు చక్రాల కింద తడి పైకి ఉబికింది.

“నాన్నా, బండి వస్తోంది నీ వైపుకు!” దాని గొంతు చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి గొంతులా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, అక్క ఎప్పుడూ చెప్పేది. ఒడిలో పడినవాడు నిలబడకూడదు, పడుకోవాలి. వెల్లకిలా వాలాను. ముఖం మీదికి ఆకాశం ఒక్కటే వచ్చింది. చెవుల్లోకి బురద చేరింది. కాళ్లు ఒక్కొక్కటే ఆడించాను. “ఇప్పుడు, మెల్లగా,” అన్నాను. ఆ రాక్షసి ముందు ఒక కాలు వదిలింది, చాలాసేపటికి రెండోది. రెండు చెప్పులూ మాత్రం అత్తగారే ఉంచుకుంది.

గట్టినేల మీద పడుకోబెట్టాక అమ్మాయి తన కొంగుతో నా ముఖం తుడిచింది. తుడుస్తూనే అంది, “పదకొండేళ్లా నాన్నా?”

“ఊఁ.”

“ఈ పదకొండేళ్లలో ఎవరైనా ఒంటరిగా వచ్చి ఉంటే? రాటను నమ్మి?”

  నేను లేచి, వట్టికాళ్లతో బండి వైపు నడిచాను.

తర్వాత అమ్మాయే, పెట్టెల దగ్గర కాపలాకు వేసుకునే గుడారపు గెడ ఒకటి పట్టుకుని బండి ముందు నడిచింది. మేనత్త నడకే. టక్, టక్ మంటూ ఎడమకు తిరిగి, ఒడిని చుట్టి, ఎనిమిదో రాట చేరింది. అల్లుడు నోరెత్తకుండా దాని అడుగుల వెంట తోలాడు. అవతలి ఒడ్డున పెట్టెలు తెరిస్తే రెండింట్లో ఈగలు పోయాయి. మిగతావి బతికాయి.

మర్నాడు అక్కకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు మోకాలు రుద్దుకుంది. “ఒరేయ్, నేనెప్పుడూ ఆ రాటల వంక చూడలేదురా,” అంది. “చూసి ఉంటే నా నడకే తప్పనుకుని దానికేసి పోయేదాన్నేమో. వెనక వచ్చే నీ బండితో సహా.” ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అల్లుడూ నేనూ వెళ్లి పాత గుంత దగ్గర రాట పాతాం. గడ్డపార ఎగిరి పడుతూనే ఉంది. చేతులు బొబ్బలెక్కాయి. పొద్దుగూకేదాకా పట్టింది.

ఇంత విన్నాక ఇందులో నేను కల్పించింది ఏదని అడుగుతారు. ఈగల సంగతి అనుకుంటారు. కాదు, అవి నోరు మూసుకున్న మాట నిజం, అమ్మాయి సాక్షి. కల్పించింది ఆ బ్రేకు సంగతి. మనిషిని చూసి తనంతట తానే ఆగే గుణం ఆ బండికి ఉన్నమాట వాస్తవమే గాని, లో గేర్‌లో అది పనిచెయ్యదట, బండితో ఇచ్చిన పుస్తకంలో చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆరోజు బ్రేకు తొక్కింది అల్లుడు. అదీ నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాక కాదు. “నిద్రపోయి” అని నేనన్నానే, అప్పుడే నవ్వు సగంలో ఆపేసి నా ముఖం వంక చూసి తొక్కేశాడు. నేను తలుపు తీసి దిగింది ఆగిన బండిలోంచి.